పరుగుకు దారి మన ఊళ్లోనే ఉంది.. గేటే తెరవాలి

ప్రిలిమ్స్‌కి ఏ పుస్తకం చదవాలో చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. 1600 మీటర్లు ఎక్కడ పరిగెత్తాలో చెప్పేవాళ్లు మాత్రం వెతికినా కనపడరు. యూనిఫాం ఉద్యోగాలకు సిద్ధమయ్యే మన కుర్రాళ్లు, అమ్మాయిలు ఎక్కువ మంది చిన్న పట్టణాల వాళ్లూ, ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్లూనే. అయినా ‘ఈవెంట్స్’ మాట రాగానే అందరి చూపూ విశాఖ, విజయవాడ, హైదరాబాద్ అకాడమీల వైపే. నెలకి వేలల్లో ఫీజు, హాస్టల్ ఖర్చు అదనం. ఇంతా చేసి అక్కడ నేర్పే దాంట్లో సగానికి పైగా పొద్దున్నే లేచి పరిగెత్తడమే. ఆ పని సొంత ఊళ్లో చేసుకోవచ్చన్నది నా వాదన. అయితే దానికి రెండు కావాలి. ఒకటి, మన ఊరి దారుల గురించి మనకి లెక్క తెలియడం. రెండోది, తాళం వేసి ఉన్న కొన్ని గేట్లు తెరుచుకోవడం. మొదటిది మన చేతుల్లో ఉంది. రెండోది అడిగి తెచ్చుకోవాలి.

ముందు లెక్క చూద్దాం. ఎందుకంటే చాలామందికి తాము దేనికి పరిగెడుతున్నారో అంకెల్లో తెలీదు.

ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ అభ్యర్థికి 1600 మీటర్లకు 8 నిమిషాలు. అంటే 400 మీటర్ల చుట్టు 2 నిమిషాల్లో చొప్పున నాలుగు చుట్లు. అమ్మాయిలకు అదే దూరం 10 నిమిషాల 30 సెకన్లలో. సివిల్ పోస్టుకి 1600తో పాటు 100 మీటర్లు, లాంగ్‌జంప్‌లలో ఒకటి గట్టెక్కితే చాలు. ఏపీఎస్పీ అయితే మూడూ కావాలి, పైగా వాటికి మార్కులున్నాయి. తెలంగాణలో గత నియామకాల్లో అబ్బాయిలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. ఎస్సెస్సీ జీడీకి అబ్బాయిలు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరిగెత్తాలి, అమ్మాయిలు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో. ఆర్పీఎఫ్ కానిస్టేబుల్‌కి అబ్బాయిలు 1600 మీటర్లు 5 నిమిషాల 45 సెకన్లలో. రైల్వే గ్రూప్-డికి కిలోమీటరు 4 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలైతే 5 నిమిషాల 40 సెకన్లలో. అగ్నివీర్‌లో పూర్తి మార్కులు కావాలంటే 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో అయిపోవాలి. ఇక అటవీశాఖ బీట్ ఆఫీసర్‌ది పూర్తిగా వేరే సంగతి. పరుగు లేదు, నడకే. కానీ 4 గంటల్లో అబ్బాయిలు 25 కిలోమీటర్లు, అమ్మాయిలు 16 కిలోమీటర్లు నడవాలి.

ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే కుర్రాడు నాలుగు నోటిఫికేషన్లకూ అప్లై చేస్తాడు. కానీ పొద్దున్నే ఒకే దారిలో, ఒకే వేగంతో, ఒకే దూరం పరిగెత్తి వస్తాడు. 5 కిలోమీటర్ల పరుగుకి కావాల్సిన దారి వేరు, 1600కి కావాల్సిన చోటు వేరు, 25 కిలోమీటర్ల నడకకి కావాల్సిన గట్టు వేరు. మార్కెట్ పట్టణాల అదృష్టం ఏమిటంటే ఈ మూడూ ఊరికి సైకిల్ దూరంలోనే ఉంటాయి. పెద్ద నగరంలో ఇవి దొరకాలంటే బస్సెక్కాలి.

నాకు బాగా తెలిసిన అనకాపల్లినే తీసుకుంటాను. మీది తెనాలి అయినా, ఆదోని అయినా, జమ్మికుంట అయినా పేర్లు మార్చుకుని చదవండి, పెద్ద తేడా ఉండదు.

అనకాపల్లి బెల్లం ఊరు. దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్. సంక్రాంతికి ముందూ వెనకా నెలల్లో తెల్లారకుండానే వ్యాన్లు, ఆటోలు బెల్లం దిమ్మలతో దిగిపోతుంటాయి. ఒక పక్క శారదా నది, చుట్టూ చెరకు, వరి పొలాలు, మధ్యలోంచి హౌరా-చెన్నై రైలు మార్గం, పక్కనే 16వ నంబరు జాతీయ రహదారి. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం కూడా అయింది. ఊరు మటుకు జీవీఎంసీలోనే ఉంది. కాబట్టి కలెక్టరేటూ ఇక్కడిదే, మున్సిపాలిటీ మాత్రం విశాఖది. ఈ సంగతి తర్వాత అక్కరకొస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక్కడ పరిగెత్తే పిల్లల్లో చాలామందికి తెలిసిన దారి శంకరం రోడ్డు. ఊరికి తూర్పున శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉంది. బౌద్ధుల కాలం నాటి రాతి స్తూపాలు, గుహలు ఉన్న చోటు. ‘సంఘారామం’ అన్న మాటే వాడుకలో శంకరం అయిందంటారు. ఊళ్లో ఏ వీధి నుంచి బయల్దేరారన్నదాన్ని బట్టి కొండ మొదలుకి మూడు, నాలుగు కిలోమీటర్లు. పోయి రావడం ఆరు నుంచి ఎనిమిది. ఎస్సెస్సీ జీడీ వాళ్లకి ఇంతకంటే మంచి దారి ఉండదు. 5 కిలోమీటర్ల పరీక్షకు వెళ్లేవాడు 5 కిలోమీటర్లే పరిగెత్తి అలవాటు పడితే ఆ రోజు చివరి కిలోమీటర్లో ఊపిరి అందదు. వారంలో రెండుసార్లన్నా ఆరు, ఏడు కిలోమీటర్లు, పక్కవాడితో మాట్లాడగలిగే వేగంతో పోయి రావాలి. మాట్లాడలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్టు. ఈ మాట నమ్మడం మన వాళ్లకి కష్టం. రోజూ గసపెడితేనే పరుగనుకుంటారు.

ఒక్క విషయం. కొండ దగ్గరికి వెళ్లాక మెట్ల మీద పోటీలు వద్దు. కాళ్ల బలానికి మెట్లు మంచివే, కాదనను. కానీ అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, స్తూపాల మీద ఎక్కి దూకే చోటు కాదు. మెట్లే కావాలంటే ఊళ్లో ఏ ఓవర్‌బ్రిడ్జి మెట్లయినా సరిపోతాయి. కనుమ నాడు ఎలాగూ అక్కడ తీర్థం, పరుగుకి చోటుండదు. ఆ రోజు సెలవు పెట్టేయండి, అరిసెలు తినండి.

రెండోది కాలవ గట్టు. విశాఖ స్టీల్‌ప్లాంటుకి నీళ్లు తీసుకెళ్లే ఏలేరు కాలవ ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. గట్టు దారి దాదాపు సమంగా ఉంటుంది, మలుపులు తక్కువ, బండ్లు తక్కువ. బీట్ ఆఫీసర్ నడకకి తయారయ్యే వాళ్లు ఇలాంటి గట్టు పట్టుకోవాలి. 4 గంటల్లో 25 కిలోమీటర్లంటే గంటకి ఆరుంపావు. మామూలుగా మనం బజారుకి నడిచే వేగం గంటకి ఐదు లోపే ఉంటుంది. అంటే ఇది ‘నడకే కదా’ అనుకుని వెళ్లే పరీక్ష కాదు. మొదటి గంట అందరికీ సుఖంగానే ఉంటుంది. మూడో గంటలో పాదం కింద బొబ్బ లేస్తుంది, తొడల మధ్య ఒరుసుకుంటుంది, షూ కొత్తదైతే ఇంక చెప్పక్కర్లేదు. ఆ ఇబ్బందులు ముందే మన ఊరి గట్టు మీద తెలిసిపోవాలి. నెలకి ఒకసారన్నా 18, 20 కిలోమీటర్లు నడిచి చూసుకోండి, పరీక్ష రోజు వేసుకునే బూట్లతోనే. కాలవలో మాత్రం దిగకండి. ఇలాంటి పెద్ద కాలవల్లో ఒడ్డు వాలుగా, జారుడుగా ఉంటుంది. కాళ్లు కడుక్కుందామని దిగితే పైకి రావడానికి పట్టు దొరకదు.

మూడోది శారదా నది పక్కగా తుమ్మపాల వైపు పొలాల దారులు. చోడవరం మెయిన్ రోడ్డు కాదు నేను చెప్పేది, లోపలి దారులు. ఇక్కడొక చిక్కుంది. చెరకు ఆడే కాలంలో బెల్లం వండే పెనాల కింద చెరకు పిప్పి మండుతుంటుంది. చలికాలం తెల్లవారుజామున ఆ పొగ మంచుతో కలిసి కిందనే ఉండిపోతుంది. పాకం వాసన బాగానే ఉంటుంది గానీ, ఆ పొగలో గట్టిగా ఊపిరి పీల్చి పరిగెత్తడం ఊపిరితిత్తులకి మంచిది కాదు. డిసెంబరు, జనవరిలో ఆ వైపు మానేసి కాస్త వెలుగొచ్చాక శంకరం వైపు పోవడం మేలు. పైగా చెరకు తోటల పక్కన చీకట్లో పాముల భయం. టార్చి లేకుండా పొలం గట్టెక్కొద్దు. ఫోను లైటు చాలదు.

దూరం కొలుచుకోవడానికి ఫోనులో యాప్ పెట్టుకుంటారు అందరూ. చెట్ల కింద, మలుపుల దగ్గర అది తప్పుతుంది. 1600కి యాభై మీటర్లు తక్కువ చూపించినా మీ టైము పది, పదిహేను సెకన్లు తేడా వచ్చేస్తుంది. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లున్నాయి కదా, వాటిని వాడుకోండి. పసుపు నెత్తి ఉన్నది జాతీయ రహదారి రాయి, ఆకుపచ్చది రాష్ట్ర రహదారిది, నారింజ రంగుది పల్లె రోడ్డుది. కొన్ని రోడ్ల మీద మధ్యలో 200 మీటర్లకి ఒక చిన్న రాయి కూడా ఇంకా మిగిలి ఉంది. అలాంటి రోడ్డు దొరికితే ఎనిమిది రాళ్లే మీ 1600. లేదంటే నలుగురు కలిసి 30 మీటర్ల టేపు ఒకటి తెచ్చుకుని ఒక ఆదివారం కొలిచి, సున్నంతో గీతలు పెట్టుకోండి. ఇదంతా పనికిమాలిన శ్రమ అనిపిస్తుంది. కానీ చుట్టు ఎన్ని సెకన్లలో వేశానో తెలియని వాడు పరీక్ష రోజు మొదటి చుట్టు 80 సెకన్లలో కొట్టేసి, మూడో చుట్టుకి పొట్ట పట్టుకుని నడుస్తాడు. ఈవెంట్స్ జరిగే గ్రౌండ్ దగ్గర ఒక పూట నిలబడి చూడండి, అలాంటివాళ్లు ప్రతి బ్యాచ్‌లో కనపడతారు. వాళ్లకి బలం లేక కాదు. 2 నిమిషాల చుట్టు ఎలా ఉంటుందో వాళ్ల కాళ్లకి తెలీదు, అంతే.

హైవే సంగతి

ఇన్ని దారులుండగా మన వాళ్లు ఎక్కువ మంది పరిగెత్తేది ఎక్కడో తెలుసా? హైవే అంచున. కారణాలు లేకపోలేదు. అక్కడ తారు నున్నగా ఉంటుంది, లైట్లుంటాయి, కుక్కలు తక్కువ, టీ కొట్టు తెరిచి ఉంటుంది. కానీ తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటలంటే రాత్రంతా బండి నడిపిన డ్రైవరు కన్ను మూతపడే సమయం. మన కుర్రాళ్లు నలుపు టీషర్టు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్, లారీ వచ్చే వైపు వీపు పెట్టి పరిగెడుతుంటారు. ఒక్క లారీ తెల్లగీత దాటితే చాలు. నేనైతే ఏ పరిస్థితిలోనూ హైవే దారి అని చెప్పను. రైలు పట్టాల పక్కన కంకర దారి కూడా అంతే. ఊరి రోడ్డు మీద తప్పనిసరైతే ఎదురొచ్చే బండ్లు కనపడేలా కుడివైపు పరిగెత్తండి, లేతరంగు చొక్కా వేసుకోండి, చెవులు ఖాళీగా ఉంచండి.

కుక్కల భయం నిజమే, నవ్వులాట కాదు. వెంటపడితే పరుగు ఆపేసి నిలబడాలి, కళ్లలోకి చూడకుండా మెల్లగా వెనక్కి నడవాలి. గీరుకున్నా సరే, సబ్బుతో పదిహేను నిమిషాలు నీళ్ల కింద కడిగి అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ఇంజెక్షన్ వేయించుకోండి. ‘చిన్న గీరే కదా’ అని వదిలేయొద్దు.

మరి అమ్మాయిలు?

నేను పైన చెప్పిన మూడు దారుల్నీ ఇంకోసారి చదవండి, ఈసారి పంతొమ్మిదేళ్ల అమ్మాయి కళ్లతో. చెరకు తోటల దారి. కాలవ గట్టు. ఊరి బయట కొండ రోడ్డు. తెల్లవారుజాము ఐదింటికి. ఒక్కటి కూడా పనికిరాదు. “సీకట్లో ఒక్కదానివీ ఎక్కడికెల్తావే?” అని ఇంట్లో అమ్మ అడిగితే ఆవిడది తప్పనడానికి లేదు.

10 నిమిషాల 30 సెకన్లలో 1600 మీటర్లంటే కిలోమీటరుకి ఆరున్నర నిమిషాల పైచిలుకు. ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి వారానికి నాలుగు రోజుల చొప్పున మూడు, నాలుగు నెలలు సాధన చేస్తే అందే వేగమే ఇది. అందదని భయపెట్టే వాళ్ల మాట వినకండి. కష్టం వేగంలో లేదు, ఆ నాలుగు రోజులు ఎక్కడ పరిగెత్తాలన్న దాంట్లో ఉంది. మేడ మీద చుట్లు కొట్టే అమ్మాయిలున్నారు. వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకి, అదీ చుడీదార్లో, ఎవరైనా చూస్తే నడుస్తున్నట్టు నటిస్తూ పరిగెత్తే వాళ్లున్నారు. ఒక అమ్మాయి చెప్పింది నాకు.. టీ కొట్టు దగ్గర కూర్చున్న తాత రోజూ “ఏటమ్మా, ఎవులు తరుముతున్నారు?” అని అడిగేవాడట. ఆయన పాపం సరదాకే అన్నాడు. ఆ పిల్ల మర్నాటి నుంచి ఆ వీధి మానేసింది.

గవరపాలెంలో నూకాంబిక గుడి చుట్టుపక్కల వీధులు ఉన్నంతలో కొంత నయం. గుడి ఉన్న చోట తెల్లారకుండానే జనం మసులుతారు, వెలుతురుంటుంది, ముగ్గులేసే ఆడవాళ్లుంటారు. కొత్త అమావాస్య జాతర రోజుల్లో తప్ప మిగతా ఏడాదంతా నలుగురైదుగురు అమ్మాయిలు కలిసి అక్కడ నెమ్మది పరుగు చేసుకోవచ్చు. కానీ సందుల్లో 1600కి టైము కొట్టలేం కదా. దానికి గ్రౌండ్ కావాలి. ఎన్టీఆర్ స్టేడియం ఉంది, కాలేజీ గ్రౌండ్లున్నాయి. ఏ పట్టణంలో చూసినా గ్రౌండ్ అనేది సభలకి, టోర్నమెంట్లకి, ఎగ్జిబిషన్లకి ముందు, పరిగెత్తే పిల్లలకి ఆ తర్వాత. మిగిలిన రోజుల్లో కూడా తెల్లవారుజామున లైట్లుండవు. వెలుగొచ్చేసరికి క్రికెట్ మొదలు.

అందుకే నేను చూపించేది వేరే గేటు. మార్కెట్ యార్డు.

ఏపీలోనైనా తెలంగాణలోనైనా మార్కెట్ ఊరు అన్నాక వ్యవసాయ మార్కెట్ కమిటీ యార్డు ఉంటుంది. సాధారణంగా ఎకరాల కొద్దీ స్థలం, చుట్టూ ప్రహరీ, లోపల లారీ తిరిగేంత సిమెంటు రోడ్లు, స్తంభాలకి లైట్లు, గేటు దగ్గర కాపలా మనిషి, తాగడానికి నీళ్లు, రైతుల కోసం కట్టిన మరుగుదొడ్లు. ఒక ఆడపిల్ల నిశ్చింతగా పరిగెత్తడానికి ఏమేం కావాలో రాసుకుంటే వచ్చే జాబితా ఇదే. ప్రజల డబ్బుతో, రైతు పంట మీద వసూలైన సెస్సుతో కట్టినవి ఇవన్నీ. సరుకు సీజను ఉన్న నెలల్లో అవి కిటకిటలాడతాయి, ఉండాలి కూడా. మిగతా నెలల్లో? చాలా యార్డుల్లో పొద్దున్న ఎనిమిది, తొమ్మిది దాకా పిచ్చుకలు తప్ప ఎవరూ ఉండరు. ఆ రెండు, మూడు గంటలు గేటు తెరిస్తే ఎవరి సొమ్మూ పోదు.

సిమెంటు రోడ్డు మీద రోజూ పరిగెడితే మోకాళ్లకి, పిక్కలకి దెబ్బ అంటారు. నిజమే, మట్టి నేల అంత మెత్తన కాదు. అందుకే వారంలో రెండు రోజులు ఇక్కడ టైము చూసుకోవడానికి, మిగతా రోజులు యార్డు అంచున మట్టి పట్టీ ఉంటే దాని మీద, లేదంటే గుడి వీధుల్లో నెమ్మదిగా. బూట్లు మటుకు సరైనవి ఉండాలి. కాన్వాస్ బూట్లతో సిమెంటు మీద వద్దు.

దొంగతనాల భయం చెబుతారు వ్యాపారులు. అది కొట్టిపారేసే మాట కాదు. రాత్రి దించిన సరుకు, కాటాలు, గోనె సంచులు అక్కడే ఉంటాయి. రేపు ఏదైనా పోతే పరిగెత్తే పిల్లల మీదికే వస్తుంది. అందుకని అందరికీ బార్లా తెరవమని అడగకూడదు. పేర్ల జాబితా, హాల్‌టికెట్టో అప్లికేషనో చూపించి తీసుకున్న కార్డు, గేటు దగ్గర సంతకం, సరుకు ఉన్న షెడ్ల వైపు వెళ్లకుండా ఒక చుట్టు మార్గం గీసి ఇవ్వడం.. ఇంత చేస్తే కాపలా మనిషికీ ఇబ్బంది ఉండదు. మిర్చి యార్డు లాంటి చోట్ల సీజను అయిపోయాక కూడా ఘాటు, దుమ్ము ఉంటాయి. అక్కడ ఈ మాట కుదరదు. బెల్లం, పసుపు, ధాన్యం, అపరాల యార్డులకి కుదురుతుంది.

అనకాపల్లి వర్తకులకి చదువు మీద ఉన్న శ్రద్ధ కొత్తది కాదు. ఊళ్లోని ఏఎంఏఎల్ కాలేజీ పేరులో మొదటి మూడక్షరాలూ అనకాపల్లి మర్చంట్స్ అసోసియేషనే. బెల్లం అమ్మిన చేతులే కాలేజీ కట్టించాయి. అలాంటి ఊళ్లో పొద్దున్న రెండు గంటలు నాలుగు లైట్లు వెలిగించమని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

నోటిఫికేషన్ వచ్చాక చూద్దాం అంటే..

“ఇప్పుడు నోటిఫికేషనే లేదు కదండీ, వచ్చాక మొదలెడతాం” అంటారు. గత ఏపీ కానిస్టేబుల్ నియామకాన్ని గుర్తు చేసుకోండి. 6,100 పోస్టులకి 2022 నవంబరులో నోటిఫికేషన్. 2023 జనవరి 22న ప్రిలిమ్స్. దాదాపు 95 వేల మంది నెగ్గారు. ఈవెంట్స్ వాయిదా మీద వాయిదా పడి 2024 డిసెంబరు 30న మొదలయ్యాయి. తుది రాత పరీక్ష 2025 జూన్ 1న. ప్రిలిమ్స్ రాసిన దగ్గర్నుంచి గ్రౌండ్‌లో దిగేదాకా రెండేళ్లకి మూడు వారాలే తక్కువ! ఆ ఆలస్యం మీద ఎవరికి ఎంత కోపమున్నా న్యాయమే, నాకూ ఉంది. కానీ ఆ రెండేళ్లలో జరిగింది చూడండి. డబ్బు పెట్టి అకాడమీలో చేరినవాళ్లు ఎన్నాళ్లని హాస్టల్ ఫీజు కడతారు? మూడో నెలకో, ఆరో నెలకో ఇంటికి తిరిగొచ్చేశారు. కొందరు డెలివరీ పనిలో చేరారు, కొందరికి పెళ్లిళ్లయ్యాయి. పరుగు దమ్ము బ్యాంకులో వేసుకునేది కాదు, రెండు మూడు వారాలు మానేస్తే తగ్గడం మొదలవుతుంది. తేదీలు ప్రకటించాక మళ్లీ పరుగు పెట్టి, పిక్క పట్టేసి పోగొట్టుకున్న వాళ్లు తక్కువ మందేం కాదు. ఆ రెండేళ్లూ ఊళ్లోనే ఉండి, వారానికి మూడు రోజులు శంకరం రోడ్డు మీద పోయివచ్చిన వాడికి ఖర్చు ఒక జత బూట్లు, పొద్దున్నే చోడి అంబలి.

అకాడమీలు పనికిరావని నేననడం లేదు. లాంగ్‌జంప్‌లో అడుగు ఎక్కడ పడాలో, 100 మీటర్ల స్టార్ట్ ఎలా తీసుకోవాలో పక్కన నిలబడి చూసి చెప్పేవాళ్లు ఉండాలి. దానికి ఆఖరి నెల, నెలన్నర వెళ్లండి, డబ్బు పెట్టండి. లేదా మీ కాలేజీ పీడీ గారిని పట్టుకోండి, అడిగితే చెప్పని పీడీలు అరుదు. ఏడాది పొడుగునా పొద్దున్న పరుగు కోసం నగరంలో గది అద్దె కట్టడం మాత్రం నాకు సబబుగా కనపడదు. ‘ఇంట్లో ఉంటే లేవలేం, అక్కడైతే విజిల్ వేసి లేపుతారు’ అంటారు కొందరు. ఆ మాటలో నిజముంది. దానికి విరుగుడు కూడా అంత పెద్దదేం కాదు. నలుగురు కలిసి గుంపు కట్టుకోండి. ఒకడు రాకపోతే మిగతా ముగ్గురూ వాడి ఇంటి ముందుకెళ్లి పేరు పెట్టి పిలిస్తే, వాళ్ల నాన్న లేపుతాడు విజిల్ కంటే గట్టిగా.

ఇక గేటు పని. ఇది ఒక్కరు అడిగితే అయ్యేది కాదు, పది మంది సంతకాలు పెట్టి అడగాలి. అందులో సగమన్నా అమ్మాయిల సంతకాలుండాలి. అర్జీ మార్కెట్ కమిటీ కార్యదర్శి పేరున, ఒక ప్రతి చైర్మన్‌కి. యార్డు మార్కెట్ కమిటీది, కాబట్టి మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి లాభం లేదు. స్టేడియం లైట్ల కోసమైతే స్థలం ఎవరి అజమాయిషీలో ఉందో ముందు కనుక్కుని వెళ్లాలి. అనకాపల్లి లాంటి చోట మున్సిపల్ పనికి విశాఖ దాకా పోవాల్సి రావచ్చు. వాళ్లు పలక్కపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, తెలంగాణలో ప్రజావాణి. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు పడుతుంది.

అర్జీలో ఉద్యోగం గురించి, కష్టాల గురించి రెండు పేజీలు రాయకండి. సీజను లేని నెలలు ఏవో పేర్లతో రాయండి. పొద్దున్న ఐదు నుంచి ఏడున్నర అని సమయం రాయండి. ఎంతమంది వస్తారు, అందులో అమ్మాయిలెందరు, ఏ గేటు, ఏ చుట్టు, ఎన్ని లైట్లు.. ఇంతే. యార్డు పటం చేత్తో గీసి వెనక జతచేయండి. అందుకున్నట్టు మీ కాపీ మీద సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. చెరకు ఆట మొదలు కాకముందే ఇచ్చేయండి, ఒకసారి బెల్లం దిగడం మొదలైతే ఆ ఆఫీసులో మీ కాగితం చూసే తీరిక ఎవరికీ ఉండదు.